బావ చేసిన చల్లటి సెట్టు

మా బావ చనిపోయిన కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. బోథ్‌లో మధ్యాహ్నం బడి మొదలయ్యాక పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. నిర్మల్ నుంచి వచ్చే బస్సు బడి ముందర ఆగింది. అది అక్కడ ఆగే బస్సు కాదు. కండక్టరు దిగి, భుజం మీది సంచీ సవరించుకుంటూ గుమ్మం దాకా వచ్చి, నా మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"టీచరమ్మా, మీ బావ ఇగ లేడట. నిర్మల్ బస్టాండ్ల ఒకాయన మీకు చెప్పుమన్నడు. గీ బస్సే మర్లి నిర్మల్ పోతది. సామాన్లు సర్దుకోండ్రి, జర సేపు ఆపుత."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు ఎప్పుడో నిర్మల్‌లో బస్సు మారి ఖానాపూర్ దాటాక వచ్చింది. కోపం బావ మీద కాదు. ఆయన చేసిన మైకుసెట్టు మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని పెదవి విరిచిన వాళ్ళందరి మీద. వాళ్ళలో సగం మంది రేపు వచ్చి ఆయన గొప్పతనం గురించి మాట్లాడతారని నాకు బస్సులోనే తెలుసు. వచ్చారు, మాట్లాడారు కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. నేను టీచరు ట్రైనింగు చేసిన రోజుల్లోనూ, ఆ తర్వాత మిషను బడిలో పనిచేసిన రోజుల్లోనూ కరీంనగర్‌లో వాళ్ళింట్లోనే ఉన్నాను. మెథడిస్టు సంఘంలో పెళ్ళి చేసుకుని, ఒకే చర్చికి పోయే కుటుంబాలు మావి. పోయిన మనిషిని దేవుణ్ణి చేయడం మనకు అలవాటే గానీ, మా బావ దేవుడేం కాదు. ముక్కోపి. నచ్చని పాట పాడుతున్న రేడియోను బాగు చేయనని తిప్పి పంపిన మనిషి. పండగ పూట ఇంటికొచ్చిన చుట్టం అరగంట మాట్లాడితే, మధ్యలో లేచి దుకాణంలోకి పోయేవాడు. తనంత పనిమంతుడు జిల్లాలో లేడని ఆయనకు గట్టి నమ్మకం, దాన్ని దాచుకునేవాడు కూడా కాదు. నేను ఏదైనా అడిగితే "ఓ పంతులమ్మా" అని మొదలుపెట్టి, ఆ రోజు వంట ఆలస్యమయ్యేదాకా చెప్పేవాడు.

ఆయన నిజాం ఫౌజులో వైర్‌లెస్ పని నేర్చుకున్నాడు. పోలీసు చర్య తర్వాత ఆ ఫౌజు లేకుండా పోయింది. ఒక రేకు పెట్టె, టంకం కడ్డీ, చేతిలో విద్య పట్టుకుని కరీంనగర్ వచ్చి, మా వీధి గదిలో దుకాణం పెట్టాడు. రేడియోలు బాగుచేయడం, పెళ్ళిళ్ళకూ సభలకూ మైకుసెట్టు కిరాయికివ్వడం. కొండగట్టుకు పోయే బండ్లవాళ్ళు కూడా ఆగి ఆయన గదిలోకి తొంగిచూసి పోయేవాళ్ళు. గోడల నిండా తీగలు, డబ్బాలు, విప్పిన రేడియోల లోపలి భాగాలు ఉండేవి.

ఆయన అలవాటు ఒకటి నాకు బాగా గుర్తు. అన్నం ఉడికిందంటే చాలు, వచ్చి పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగేసేవాడు. "ఉడికినంక మంటెందుకు?" అనేవాడు. అక్క కసిరేది. "నా పొయ్యి జోలికి రాకు. నీ డబ్బాలు నువ్వు సూస్కో." ఆయన వినేవాడు కాదు. ఊరికే పోయే వేడిని చూస్తే ఆయనకు ఒంట్లో బాధ పుట్టేది. ఈ మాట నేను కల్పించి రాయడం లేదు, నిజంగానే మొహం అదోలా పెట్టేవాడు.

సెట్టు సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మైకులో పడే మాట చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని బలంగా చేసి గరాటులాంటి హారన్‌లోకి పంపేది ఆంప్లిఫయర్. ఊళ్ళో అందరూ దాన్ని సెట్టు అంటారు. ఆ రోజుల్లో సెట్లలో గాజు వాల్వులుండేవి. అవి లోపల ఎర్రగా వెలుగుతూ, ఎవరు మాట్లాడినా మాట్లాడకపోయినా బ్యాటరీని తాగుతూనే ఉండేవి. తాగిన దాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోయేది. మాటగా మారేది కొంచెమే. పట్నంలో గోడకు కరెంటు ఉంటే ఎవరికీ పట్టదు. కరెంటు లేని ఊళ్ళకు మాత్రం మోటారు బ్యాటరీలను కరీంనగర్‌లో చార్జి చేయించి, బస్సు మీదా ఎడ్లబండి మీదా వేసుకుని పోవాలి. పెళ్ళి సగంలో అవి అయిపోతే మళ్ళీ ఎవరో ఒకరు పరుగెత్తాలి. మా జిల్లాలో అప్పుడు కరెంటు లేని ఊళ్ళే ఎక్కువ.

బావ ఒకటే మాట పట్టుకున్నాడు. "ఊకున్నప్పుడు తినొద్దు. మాట్లాడేటప్పుడు దాసుకోవద్దు. సెట్టంటే గట్లుండాలె." ఒకసారి నేను నవ్వుతూ, మనుషుల్లోనే అలాంటి వాళ్ళు దొరకరు బావా అన్నాను. "అందుకే మనుషులను బాగుచేసే దుకాణం పెట్టలే" అన్నాడు.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆయనకు దారి దొరికింది. సికింద్రాబాద్ నుంచి ఒక జత తెచ్చుకున్నాడు. రూపాయి బిళ్ళంత ఉన్నాయి. నాకు చెప్పడానికి ఆయన వాకిట్లో దుంగ కోస్తున్న ఇద్దరు మనుషులను చూపించాడు. "రంపాన్ని ఒకడు ఇటు గుంజుతడు, ఇంకొకడు అటు గుంజుతడు. ఇద్దరు ఒక్కపారే గుంజరు. గియ్యి గూడ గంతే. దుంగ లేనప్పుడు ఇద్దరు కూసుంటరు. కూసున్నోడికి కూలెందుకు?" మరి ఇందులో కష్టమేముంది అని అడిగాను. రంపం దిక్కు మారేచోట ఉంది కష్టం అన్నాడు. అక్కడ ఇద్దరూ పూర్తిగా నిద్రపోతే మాటలో సన్నటి భాగాలు తెగిపోతాయి. పెద్దగా అరిచేవాడి గొంతు బాగానే వస్తుంది, మెల్లగా మాట్లాడేవాడిది పగిలిపోతుంది. అందుకని ఇద్దరికీ కన్ను కొంచెం తెరిచి ఉండేటంత కరెంటు ఎప్పుడూ ఇస్తూండాలి.

ఆ కొంచెమే ఆయన్ను ఏడిపించింది. మన ఎండల్లో ఆ ట్రాన్సిస్టరు వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ లాగితే ఇంకా వేడెక్కుతుంది. అలా తనంతట తానే కాలిపోతుంది. ఎక్కడో చల్లటి దేశంలో గీసిన బొమ్మ ప్రకారం చేస్తే వైశాఖంలో కరీంనగర్‌లో బతకదు. బావ సెట్టును మిట్టమధ్యాహ్నం వెనక రేకుల మీద పెట్టి, ఎప్పుడు కాలిపోతుందా అని కింద నిలబడి చూసేవాడు. కాలిపోయేది. వేడి లాగడానికి మందపాటి అల్యూమినియం పలక కావాలని అక్క అన్నం వండే గంజు అడుగు కోసేశాడు. ఆ రోజు అక్క అన్న మాటలు ఇక్కడ రాయను. కొన్నాళ్ళు మేం పక్కింటి గంజులో వండుకున్నాం.

చివరికి ఆ పలకకే అంటుకుని వేడిని కనిపెట్టే చిన్న భాగం ఒకటి పెట్టాడు. పలక వేడెక్కినకొద్దీ అది ఆ కొంచెం కరెంటును ఇంకా తగ్గిస్తుంది. అది పనిచేసిన మధ్యాహ్నం రేకుల మీద చెయ్యి పెట్టలేనంత ఎండ ఉంది. బావ అక్క చేతికి మైకు ఇచ్చి, ఏదైనా మాట్లాడు అన్నాడు. అక్కకు ఏం మాట్లాడాలో తెలియలేదు. అంతలో ఎవరిదో మేక వచ్చి మా కరివేపాకు చెట్టు మీద పడింది. "ఎవలిదిది? గీ మేకను కట్టేసుకోరా మీరు?" అంది అక్క, మైకు నోటి దగ్గర ఉన్న సంగతి మరిచిపోయి. రెండు వీధుల అవతలి నుంచి ఒక ముసలాయన పరుగెత్తుకుంటూ వచ్చి మేకను తోలుకుపోయాడు. బావ నిచ్చెన ఎక్కి పెట్టెకు వేళ్ళ వెనకభాగం ఆనించి చూశాడు. అరచెయ్యి కాదు, వేళ్ళ వెనకభాగం. ఆయన ఎప్పుడూ అలాగే చూసేవాడు. ఆయన అంత ప్రశాంతంగా నవ్వడం నేను అప్పుడొక్కసారే చూశాను.

అక్కడితో కష్టం అయిపోయిందనుకున్నాం. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

మా దిక్కు మైకుసెట్టు కిరాయికి తీసుకునే పద్ధతి ఒకటుంది. పెళ్ళివారి తరఫున ఒక పెద్దమనిషి వస్తాడు. సెట్టు కాసేపు ఆన్ చేయించి, మూత మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. చుర్రుమంటే, దమ్మున్న సెట్టు. హారన్‌లో గుర్రుమని చప్పుడు వస్తూంటే ఇంకా మంచిది. వాళ్ళను ఊరికే తప్పుపట్టలేను. మనం చూసిన యంత్రాలన్నీ అలాంటివే. జిన్నింగు మిల్లు ఇంజను చల్లగా ఉంటే మిల్లు ఆగినట్టే. బొగ్గు బాయి మీది బాయిలరు చల్లగా ఉంటే పని లేనట్టే. వేడి అంటే బలం అని చేతికి అలవాటైపోయింది. మా ఎదురుగా మైకుల దుకాణం పెట్టినాయన ఈ సంగతి బాగా పట్టుకున్నాడు. తన సెట్లను గిరాకీ వచ్చే గంట ముందే ఆన్ చేసి ఉంచేవాడు.

బావ సెట్టు మీద మొదట చెయ్యి పెట్టింది జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురి మేనమామ.

"గిదేందయ్యా, సల్లగున్నది. నడుస్తలేదా?"

"నడుస్తుంది. మాట్లాడి సూడు."

ఆయన మైకులో దగ్గాడు. ఆ దగ్గు బజారు చివరిదాకా వినిపించింది. అయినా చెయ్యి తీయలేదు. "ఇప్పుడైతే మంచిగనే ఒర్లుతుంది. గని దమ్ము లేదు. సల్లటిది, నడిమిట్ల ఎప్పుడు సత్తదో."

"దమ్ము హారన్ల ఉండాలె, పెట్టెల కాదు. నీకు పాటలు కావాల్నా, రొట్టెలు కాల్చుకోను పెనం కావాల్నా?" అన్నాడు బావ.

మేనమామ రోడ్డు దాటి ఎదురు దుకాణానికి పోయాడు. భైంసా పత్తి మార్కెట్టులో వేలం పాడటానికి సెట్టు కావాలని ఒక సేటు వచ్చాడు. ఆయనా అంతే. "గరమ్ నాహీ. మరి పవర్ ఎక్కడిదయా?" అని మీసం దువ్వుకుని వెళ్ళిపోయాడు. బావ వాళ్ళకు వివరంగా చెప్పాల్సింది, నవ్వుతూ చెప్పాల్సింది. ఆయనకు అది చేతకాదు. వేడి అంటే పోయిన కరెంటు అని ఒకసారి చెప్తాడు, రెండోసారి అడిగితే మనిషిని తిడతాడు. అలా గిరాకీ పోతూ వచ్చింది. దుకాణంలో ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. మా చర్చి పెద్ద ఒకాయన, బొగ్గుగనుల ఊళ్ళో ఎలక్ట్రీషియను పని ఉంది చేరుతావా అని అడిగాడు. క్వార్టర్లలో ఫ్యూజులు వేసే పని. బావ విప్పిన రేడియో మీదికి మళ్ళీ వంగాడు.

అప్పుడు జాతర బేరం వచ్చింది. గోదావరి ఒడ్డున ఒక ఊరి జాతర. ఊరి పేరు రాయను. వాళ్ళు నా మీదికి వస్తారని కాదు, అక్కడి మామూలు జనం తప్పు ఇందులో ఏమీ లేదు. కరెంటు లేని చోటు. తప్పిపోయిన వాళ్ళను పిలవడానికీ, బండ్లు ఎక్కడ విడవాలో చెప్పడానికీ మైకు కావాలి. ఎన్ని బ్యాటరీలు తెస్తావని జాతర పెద్ద అడిగితే, బావ ఎచ్చులకు పోయి, "ఒక్క బ్యాటరీతోని జాతరంత ఎల్లదీస్త" అన్నాడు. అది ఎచ్చులు కాదు, నిజమే. మేం ఇంట్లో నడిపి చూశాం. అది గనక నలుగురి ముందు జరిగితే చుట్టుపక్కల మైకులవాళ్ళంతా ఆ సెట్టు కోసం వస్తారు, దుకాణం నిలబడుతుంది. జరగకపోతే బొగ్గు ఊరికి పోయి ఫ్యూజులు వేసుకోవాలి. ఇది మాకు ముగ్గురికీ తెలుసు.

బేరం ఖాయం చేసే ముందు జాతర పెద్ద వచ్చి సెట్టు చూస్తానన్నాడు. చూడటమంటే ఏమిటో కూడా మాకు తెలుసు.

అక్క బియ్యం ఏరుతూ అంది. "దాంట్ల జర పొయ్యి తీగ పెట్టరాదు. హీటర్ల ఉంటది సూడు, గది. వాళ్ళ సేతికి వేడి కావాలె, గంతే గదా. వాళ్ళు పోయినంక బంద్ జేసుకో."

బావ లేచి దుకాణంలోకి పోయాడు. మర్నాడు మధ్యాహ్నం మాకు వీపు పెట్టి కూర్చుని, హీటరు తీగ ముక్క కత్తిరించి పెట్టె మూత కింద అమర్చాడు. అడుగున కనపడకుండా ఒక స్విచ్చి పెట్టాడు. పొయ్యిలోంచి కట్టె లాగేసే మనిషి, ఏళ్ళ తరబడి ఆ పెట్టెలోంచి వేడిని బయటికి నెట్టిన మనిషి, తన చేత్తో దాంట్లోకి మంట పెట్టాడు. టంకం పొగ లేస్తూంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరగలేదు.

జాతర పెద్ద వచ్చి మూత మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. "ఆఁ, గిదీ సెట్టంటే" అన్నాడు.

జాతరకు మేమూ పోయాం. మొదటి రోజు పొద్దున బావ అనుకున్నట్టే స్విచ్చి ఆపాడు. కానీ జాతర పెద్ద సెట్టు దగ్గర ఒక వాలంటీరును కూర్చోబెట్టాడు. ఛాతీకి రిబ్బను పెట్టుకున్న నడివయసు మనిషి, తన పని మీద చాలా శ్రద్ధ. నీడ జరిగినప్పుడల్లా లేచి మూత మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. "అయ్యా, సల్లవడుతుంది. పెద్దాయనకు జెప్పాల్నా?" అనేవాడు. బావ స్విచ్చి వేసేవాడు. కాసేపటికి ఆపేవాడు. మళ్ళీ ఆ చెయ్యి వచ్చేది. మధ్యాహ్నానికి బావ ఆపడం మానేశాడు. రెండో బ్యాటరీ తెచ్చుకుని ఉంటే సరిపోయేది. కానీ ఒక్కదానితో నడిపిస్తానని చెప్పి ఉన్నాడు కదా, రెండోది ఎవరి కళ్ళబడినా మాట పోతుంది.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం ఒక తల్లి ఏడుస్తూ వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల తప్పిపోయింది, ఎర్ర గౌను వేసుకుంది. ఆ పక్కనే గోదావరి. బావ మైకు పట్టుకుని పిల్ల పేరు పిలవడం మొదలుపెట్టాడు. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పేరు మధ్యలో హారన్‌లో గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ఆ తల్లి బల్ల మీద చేతులతో కొట్టింది. "పిలువుండ్రి. మల్లొక్కపారి పిలువుండ్రయ్యా." బావ మైకు లేకుండానే గొంతెత్తి పిలిచాడు. ఆ జనం రొదలో అది పది అడుగులు కూడా పోలేదు.

జాతర పెద్ద వచ్చాడు. "నాకు ముందుగాలనే చెప్పిండ్రు. గీ సెట్టుల దమ్ము లేదని."

వాలంటీరు పాపం నిజమే చెప్పాడు. "లేదు పెద్దయ్యా, వేడిగనే ఉండె. నిన్నటి సంది నేను సూస్తనే ఉన్న."

"వేడిగుంటే ఏమాయె? అసలు సెట్టే సల్లటి బాపతు."

బావ నోరు తెరవలేదు. తెరిస్తే తీగ సంగతి చెప్పాలి. తీగ సంగతి చెప్తే దొంగ అవుతాడు, చెప్పకపోతే చేతకానివాడు అవుతాడు. ఆయన రెండోది ఎంచుకున్నాడు. అక్క ఆ తల్లికి నీళ్ళు తాగిస్తూ నేలకేసి చూస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి ఎదురు దుకాణం ఆయన జీపు నిండా బ్యాటరీలతో తన సెట్టు పట్టుకొచ్చాడు. అది గుర్రుమంటూ పిల్ల పేరు పిలిచింది. పిల్ల గాజులమ్మే వాళ్ళ గుడారంలో బొరుగులు తింటూ దొరికింది. అందరూ ఆ వేడి సెట్టుకు దండం పెట్టినంత పని చేశారు.

ఇంటికి వచ్చాక బావ మొట్టమొదట చేసిన పని ఆ తీగ పీకి పెంట మీద పారేయడం. అక్కను ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ప్రతిదానికీ తిట్టే మనిషి ఆ ఒక్కదానికి తిట్టి ఉంటే అక్కకు బరువు దిగేది. నెల తిరగకుండా దుకాణం ఎత్తేసి, ఆ చర్చి పెద్ద చెప్పిన పనిలో చేరాడు. నాకు బోథ్ బడిలో ఉద్యోగం వచ్చింది.

బొగ్గు ఊళ్ళో ఆయన బతుకు ఎలా ఉందో సెలవులకు పోయినప్పుడు చూసేదాన్ని. అక్కడ అన్ని దిక్కుల మనుషులూ ఉన్నారు. ఒక గోడ అవతల ఉర్దూ, ఇంకో గోడ అవతల ఒరియా, వెనక క్వార్టర్లో కోస్తా వాళ్ళు. అందరి ఇళ్ళలో ఫ్యూజులు పోతాయి, అందరికీ మా బావ కావాలి. పోయి వేసి వచ్చేవాడు. వచ్చి మంచం మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. సెట్టు మాత్రం అలమర పైన పాత దుప్పటి కప్పుకుని ఉండేది. దాని బ్యాటరీని అప్పుడప్పుడు పవర్‌హౌసుకు తీసుకుపోయి చార్జి చేయించుకొచ్చేవాడు. ఎందుకు బావా అంటే, "ఉండనీ" అనేవాడు.

కిందటి ఎండాకాలం కరీంనగర్ పోయినప్పుడు ఒక వింత చూశాను. ఎదురు దుకాణం ఆయన కొత్త సెట్లు పెట్టాడు. బొంబాయి నుంచి వచ్చినవి, మెరిసే రేకు, లోపల వాల్వులు లేవు. ఒక గిరాకీ చెయ్యి పట్టుకుని తనే మూత మీద పెట్టిస్తున్నాడు. "సూడు, సల్లగున్నదా లేదా? గిదే దీని గొప్ప. బ్యాటరీ తాగదు." ఆ గిరాకీ మురిసిపోతున్నాడు. నేను రోడ్డు మీద నిలబడి నవ్వాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఆ సంగతి బావకు చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను. ఆయన "మన సెయ్యి మీద నమ్మకం లేదు పంతులమ్మా. బొంబాయోడు చెప్పినంక సల్లదనం గూడ మంచిదైంది" అన్నాడు. తర్వాత లేచి వంటింట్లోకి పోయి పొయ్యిలో కట్టె లాగి వచ్చాడు. అప్పటికింకా అన్నం ఉడకలేదు. అక్క కసరకుండా కట్టెను మళ్ళీ లోపలికి తోసింది.

పొద్దున పనికి పోవడానికి చెప్పులు వేసుకుంటూ, ఛాతీలో నొప్పి అని వరండాలో కూర్చుని, అక్కడే ప్రాణం విడిచాడట. నేను చేరేసరికి ఆయన్ను తెల్ల బట్టలో పడుకోబెట్టి ఉంచారు. ఒక్కొక్కరే వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి పోతున్నారు. నేను పెట్టలేదు. అరచెయ్యి ఆనించి చూసే ఆ పనిని నేను ఈ జన్మలో ఎవరికీ చేయలేను.

సమాధి అయ్యాక మూడో రోజు మధ్యాహ్నం క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో పందిరి వేసి, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. కరీంనగర్ నుంచి చాలామందే వచ్చారు. ఎదురు దుకాణం ఆయన తన బొంబాయి సెట్టు జీపులో వేసుకొచ్చాడు. "అన్న కోసం నా వంతు సేవ, వదినా. కిరాయి ముచ్చటే లేదు." అక్క లోపలికి పోయి స్టూలు ఎక్కి, అలమర మీంచి బావ సెట్టు దింపి, దుప్పటి తీసి, పందిట్లో బల్ల మీద తెచ్చి పెట్టింది. తీగలు ఎక్కడివి అక్కడ ఆమే కలిపింది. ఇన్నేళ్ళూ చూస్తూ నేర్చుకుందని నాకు తెలియదు.

ఎదురు దుకాణం ఆయన అలవాటు కొద్దీ దాని మీద అరచెయ్యి పెట్టాడు. "ఇది ఎన్నడో నడిపింది గదా వదినా. నడుస్తదంటవా?"

"నడుస్తది. సెయ్యి తియ్యి" అంది అక్క.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆయనది చాలా మెత్తటి గొంతు. ఒక్క మాట కూడా పగలకుండా చివరి క్వార్టర్ల దాకా పోయింది. తర్వాత పెద్దలు మాట్లాడారు. ఎదురు దుకాణం ఆయన కూడా మాట్లాడాడు. అన్న చాలా తెలివిగలోడు, మేమందరం ఆయన దగ్గర నేర్చుకున్నోళ్ళమే, కాలం కంటే ముందు పుట్టిండు అన్నాడు. అంతటితో ఆపితే బాగుండేది. "జాతర్ల సెట్టు ఆగిపోతే నలుగురు నాలుగన్నరు. ఎంత పనిమంతుడైనా ఒక్కపారి తప్పుతడు. దానికి మనసు చిన్నబుచ్చుకొని దుకాణం ఇడిసిపెట్టి వచ్చిండు. మనిషి మంచోడు" అని ముగించాడు. అందరూ నిట్టూర్చారు.

అక్క లేచింది. మా దిక్కు ఆడవాళ్ళు అలాంటి చోట మైకు ముందుకు పోరు. పోయి పట్టుకుంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. హారన్‌లో కూడా ఏ చప్పుడూ లేదు, గుర్రుమనడం లేదు, చెట్టు మీద కాకి మెసిలిన అలికిడి తప్ప. మెల్లగా మొదలుపెట్టింది, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు.

"జాతర్ల గీ సెట్టు తప్పలే. దీంట్ల పొయ్యి తీగ పెట్టుమన్నది నేను. మీరు సెయ్యి పెడితే వేడి కావాలె గదా, గందుకు పెట్టుమన్న. ఆయనకు ఇష్టం లేదు. నేను పెట్టించిన. ఆ తీగనే బ్యాటరీ తాగింది. ఆయన ఎవలకు చెప్పలే. నన్ను ఒక్క మాట అనలే." మైకును రెండో చేత్తో కూడా పట్టుకుంది. "పిల్ల పేరు పిలుస్తుంటే ఆగిపోయింది. ఆ తల్లి మొకం నేను రోజు సూస్త. గీ సెట్టు మంచిది. తప్పు దీన్ది కాదు, చేసినాయనది కాదు."

ఆమె గొంతు అంత సన్నగా ఉన్నా ఎక్కడా తెగలేదు. వెనక వరసల్లో గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్ళు పని ఆపి నిలబడ్డారు. ఎదురు దుకాణం ఆయన తన అరచేతిని తొడ మీద పెట్టుకుని దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టి రెండు మాటలకే ఆపేశారు.

ఒక్కొక్కరే లేచి పోయారు. జీపు పోయింది. పందిరి కింద మేమిద్దరం, ఖాళీ బల్లలు మిగిలాం. నేను సెట్టు ఆపుదామని లేచాను. అక్క పెట్టె పక్కన నేల మీద కూర్చుని, వేళ్ళ వెనకభాగాన్ని దాని మూతకు ఆనించి ఉంది.

"అట్లనే ఉండనీ చెల్లె" అంది. మైకు ఇంకా తెరిచే ఉంది, ఆ మాట క్వార్టర్లన్నిటికీ వినిపించింది. "ఊకున్నప్పుడు తినదు."